పరమాణు సమూహాలకు పేరు పెట్టేటప్పుడు

పైమాల్, వీఎండీ, కైమెరాఎక్స్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఒక ప్రోటీన్ నిర్మాణాన్ని తెరిస్తే వేల పరమాణువులు ఒక్కసారిగా తెరపైకి వస్తాయి. వాటిలో మనకు కావలసిన వాటిని ఏరి, ఒక పేరుతో సమూహంగా దాచుకోకపోతే రంగు మార్చడానికీ, దూరం కొలవడానికీ, ఉపరితలం గీయడానికీ ప్రతిసారీ మొదటి నుంచి ఏరుకోవలసి వస్తుంది. మౌస్‌తో నొక్కి ఏరడం సులువే గాని, ఏ పరమాణువు ఏ కారణంతో సమూహంలో చేరిందో తరువాత చెప్పే ఆధారమేదీ మిగలదు కనుక, నేను ఆదేశం రాసి ఏరడానికే మొగ్గు చూపుతాను. (పైమాల్‌లో ‘గ్రూప్’ అనే ఆదేశం వేరే పనికి ఉంది, అది నిర్మాణాలను జాబితాలో ఒకచోట చేరుస్తుందే తప్ప పరమాణువులను ఏరదు.)

అయితే ఆదేశం మనం రాసినదాన్నే పాటిస్తుంది, మనసులో ఉన్నదాన్ని కాదు. ప్రోటీన్ నిర్మాణాలను భద్రపరిచే పీడీబీ అనే భండారంలో 4హెచ్‌హెచ్‌బీ అనే సంకేతంతో ఉన్న మానవ హిమోగ్లోబిన్‌నే తీసుకుందాం. ఇందులోని నాలుగు అమినో ఆమ్లాల గొలుసుల్లో ఏ, సీ అనేవి ఆల్ఫా గొలుసులు. బీ, డీ అనేవి బీటా గొలుసులు. హీమ్ అనే, ఇనుము ఉన్న భాగంలోని ఇనుముతో బంధం ఏర్పరచుకునే హిస్టిడిన్ అనే అమినో ఆమ్లం ఆల్ఫా గొలుసులో 87వ స్థానంలోనూ, బీటా గొలుసులో 92వ స్థానంలోనూ ఉంటుంది. గొలుసు పేరు చెప్పకుండా 87 అని మాత్రమే రాస్తే, రెండు హిస్టిడిన్‌లతో పాటు బీటా గొలుసుల్లో అదే స్థానంలో ఉన్న రెండు త్రియోనిన్‌లు (వేరే అమినో ఆమ్లం) కూడా సమూహంలో చేరిపోతాయి. ‘సీఏ’ అనే పేరుతో వచ్చే చిక్కు ఇంకా సూక్ష్మమైనది: అది ఆల్ఫా కార్బన్ (ప్రతి అమినో ఆమ్లంలోని కేంద్ర కార్బన్) పేరూ అవుతుంది, కాల్షియం అయాన్ పేరూ అవుతుంది. నాలుగు కాల్షియం అయాన్లను పట్టుకొని ఉన్న కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌లో ఆల్ఫా కార్బన్లను లెక్కపెట్టాలనుకుంటే, మూలకం కార్బన్ అని కూడా చేర్చి రాయాలి. సమూహాన్ని సృష్టించిన వెంటనే అందులోని పరమాణువుల సంఖ్యను చూసుకుంటే ఇటువంటివి చాలావరకు అక్కడికక్కడే బయటపడతాయి.

దూరాన్ని బట్టి ఏరినప్పుడు, ఉదాహరణకు ఔషధ అణువుకు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) లోపు ఉన్నవన్నీ అడిగినప్పుడు, అమినో ఆమ్లాల ముక్కలు మాత్రమే దొరుకుతాయి. పైమాల్‌లో ‘బైరెస్’ చేర్చితే అవి పూర్తి అమినో ఆమ్లాలుగా వస్తాయి.

అసలు ఆలోచించవలసినది పరమాణువుల కదలికను కంప్యూటర్‌లో అనుకరించే సిమ్యులేషన్ల విషయంలో. పైమాల్‌లో పేరు పెట్టిన సమూహం ఆ క్షణంలో దొరికిన పరమాణువుల జాబితాగా నిలిచిపోతుంది. వీఎండీలో ప్రతి ఫ్రేమ్‌కూ (సిమ్యులేషన్‌లోని ఒక్కో క్షణపు చిత్రానికీ) ఎంపికను తిరిగి లెక్కించమని మనమే ఎంచుకోవాలి. కైమెరాఎక్స్‌లో ‘నేమ్’ ఆదేశం మామూలుగా నియమాన్ని గుర్తుపెట్టుకొని వాడిన ప్రతిసారీ తిరిగి లెక్కిస్తుంది. దానికి ‘ఫ్రోజెన్’ చేర్చితే జాబితాను స్థిరపరుస్తుంది. మొదటి ఫ్రేమ్‌లో ఔషధం చుట్టూ ఉన్న నీటి అణువులు తరువాత ఎటు వెళ్లాయో చూడాలంటే స్థిరమైన జాబితా కావాలి; ఏ క్షణంలో ఎన్ని నీటి అణువులు చుట్టూ ఉన్నాయో తెలియాలంటే మాత్రం నియమాన్ని ప్రతి ఫ్రేమ్‌లోనూ కొత్తగా లెక్కించాలి.