కూపర్స్‌టౌన్‌లో ఆరు డాలర్ల అట్టముక్క

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌ నాలుగు గంటల దారి. ఐ-88 హైవే దిగి 28వ నంబరు రోడ్డెక్కాక ఫోన్ సిగ్నల్ పోయింది, దాంతో మావాడి మొహం మాడిపోయింది. రెండు వేల జనాభా కూడా లేని ఊరు, వేసవి శనివారం మాత్రం తిరనాళ్ళే. బేస్‌బాల్ టోర్నమెంట్లకొచ్చిన పన్నెండేళ్ళ పిల్లలు టీమ్ పిన్నులు మార్చుకుంటూ ఫుట్‌పాత్ అంతా ఆక్రమించేశారు. మెయిన్ స్ట్రీట్ దగ్గర పార్కింగ్‌కి అడిగిన డబ్బు వింటే ఒళ్ళు మండి, ఊరి బయట కారు వదిలి ట్రాలీ బస్సెక్కాం.

ఇక్కడి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం 1939 నుంచీ ఉన్నదే, దాని గురించి రాసినవాళ్ళు బోలెడుమంది. నేను వెళ్ళింది ఆటగాళ్ళ బొమ్మలుండే కార్డుల కోసం. పాతకాలపు ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు అద్దం వెనక ఉంది. 1909–11 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టిచ్చిన టీ206 వరుసలోది. వాగ్నర్ వద్దన్నాడని అచ్చు ఆపేశారు. పొగాకుతో పాటు తన బొమ్మ పిల్లల చేతికెళ్ళడం నచ్చలేదని కొందరంటారు, డబ్బు లెక్క తేలక అని కొందరు. ఇప్పటికి అరవై దాకా మిగిలాయట. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి పోయింది. చూస్తే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే!

సిగరెట్ పెట్టె అనగానే మా ఊరి కిళ్ళీ కొట్టు గుర్తొచ్చింది. దాని ముందు పారేసిన చార్మినార్, బర్కిలీ పెట్టెలు ఏరుకొచ్చి, అట్టలు చింపి, గుండ్రం గీసి, బిళ్ళ విసిరి గెలుచుకునేవాళ్ళం. ఎక్కడపడితే అక్కడ దొరికే చార్మినార్‌కి విలువ తక్కువ. పోగేసిందంతా వానాకాలంలో అమ్మ పొయ్యి రాజేయడానికి వాడేసింది. బబుల్‌గమ్‌తో పాటు బేస్‌బాల్ కార్డులమ్మిన టాప్స్ కంపెనీ కూడా తక్కువేం తినలేదు. 1952లో అమ్ముడుపోని కార్డుల పెట్టెల్ని 1960లో పడవకెత్తి అట్లాంటిక్‌లో పారబోయించింది. ఆ 1952 వరుసలోని ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లు పలికింది.

బయటికొచ్చి ఒక కార్డుల షాపులో దూరాం. గోడ నిండా ప్లాస్టిక్ పలకల్లో సీలు చేసిన కార్డులు, ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు, దాన్నే గ్రేడింగ్ అంటారు. మూలలు వాడిగా ఉండాలి, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉండాలి, మడత ఉండకూడదు. అంటే ఏ పిల్లాడూ తాకకూడదన్నమాట. నాకు చిరాకేసింది. కింద అట్టపెట్టెలో మాత్రం దెబ్బతిన్న కార్డులు గుట్టగా ఉన్నాయి. నేలమీద కూర్చుని గంటసేపు తిరగేశాను. వెనకవైపు బబుల్‌గమ్ మరకలు, సైకిల్ చక్రం ఊచలకి తగిలించిన గాట్లు.

అందులో 1962 టాప్స్ కార్డొకటి దొరికింది, అంచులు చెక్క రంగువి. ఆటగాడి పేరు ఎప్పుడూ వినలేదు. టీమ్ పేరుని నీలం బాల్‌పెన్నుతో కొట్టేసి, పైన వంకర అక్షరాలతో ‘మెట్స్’ అని రాసి ఉంది. న్యూయార్క్ టీమ్ మెట్స్ మొదటి సీజన్ ఆ ఏడాదే. ఆటగాడు టీమ్ మారగానే ఎవడో కుర్రాడు కార్డు సరిదిద్దేశాడు!

కౌంటర్ దగ్గరి పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి చూసి, “రాతలున్నాయి కదండీ, దీనికి విలువుండదు, ఇంకోటి తీసుకోండి” అన్నాడు. నాకిదే కావాలన్నాను. ఆరు డాలర్లు. విలువ లేనిదానికి ఆరెందుకని అడగబోయి ఊరుకున్నాను. పల్చటి ప్లాస్టిక్ తొడుగు మాత్రం ఊరికే ఇచ్చాడు.

సరస్సు ఒడ్డున బెంచీ మీద పులిహోర తింటుంటే మావాడు చేతులు తుడుచుకుని కార్డు పట్టుకున్నాడు. “నాన్నా, గ్రేడింగ్‌కి పంపిస్తే ఎంతొస్తుంది?” సున్నా అన్నాను. వాడికి బర్డిక్ కథ చెప్పాను. ఆ టీ206 అన్న నంబరు పెట్టింది సిరక్యూస్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసిన జెఫర్సన్ బర్డిక్. ముప్పై వేలకు పైగా బేస్‌బాల్ కార్డులు పోగేసి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి రాసిచ్చాడు. కీళ్ళ జబ్బుతోనే ఏళ్ళ తరబడి కూర్చుని వాటిని ఆల్బమ్‌లలో అతికించాడు.

“జిగురుతోనా?” అన్నాడు మావాడు, నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని.