మూడు విడుదలలకీ ఒకే తేదీ: కేడీఈ 6ని తెలుగు చేసిన అనుభవం

లినక్స్‌లో ఎక్కువగా వాడే డెస్క్‌టాప్, అప్లికేషన్లు తయారుచేసే కేడీఈ ప్రాజెక్టుకి అనువాదాలు చేసేవాళ్ళు మామూలుగా మూడు క్యాలెండర్లు చూసుకోవాలి. అడుగున ఉండే లైబ్రరీలు, అంటే ఫ్రేమ్‌వర్క్స్, నెలనెలా వస్తాయి. ప్లాస్మా డెస్క్‌టాప్ అప్పట్లో సుమారు నాలుగు నెలలకోసారి వచ్చేది, డాల్ఫిన్, కేట్, ఓక్యులర్ లాంటి అప్లికేషన్లన్నీ గేర్ పేరుతో ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్లలో. వీటన్నిటికీ ఆధారమైన క్యూటీ అనే టూల్‌కిట్ ఆరో వెర్షన్‌కి మారేటప్పుడు మాత్రం ఎవరి దారి వాళ్ళది అంటే కుదరదు, ఎందుకంటే కింద ఫ్రేమ్‌వర్క్స్ 6 సిద్ధం కాకుండా పైన ప్లాస్మా 6 నిలబడదు. అందుకని మూడింటినీ 2024 ఫిబ్రవరి 28న కలిపి విడుదల చేశారు. డిసెంబర్లో రావాల్సిన గేర్‌ని ఫిబ్రవరికి వాయిదా వేసి 24.02గా ఇచ్చారు.

నాకు అసలు టెన్షన్ విడుదల తేదీతో కాదు, స్ట్రింగ్ ఫ్రీజ్‌తో. ఆ రోజు దాటాక స్క్రీన్ మీద కనిపించే మాట మార్చాలంటే డెవలపర్ ముందు అనువాదకుల్ని అడగాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, ఇంగ్లీషు వాక్యం చివర ఒక్క చుక్క చేర్చినా అనువాదాలుండే పీఓ ఫైల్లో మన తెలుగు వాక్యం ఫజ్జీ (మళ్ళీ సరిచూడాలన్న గుర్తు) అయిపోతుంది, ఎవరో ఒకరు చూసి సరే అనేదాకా యూజర్‌కి ఇంగ్లీషే కనిపిస్తుంది. పెద్ద టీములకి ఇది లెక్కలోకి రాదు కానీ, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట కూర్చునే ఇద్దరు ముగ్గురికి చాలా పెద్ద విషయం.

మూడూ ఒకేసారి మీద పడేసరికి ఏది ముందు చేయాలన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. అందరూ ప్లాస్మాతో మొదలుపెడదాం అనుకుంటారు, నేను ఫ్రేమ్‌వర్క్స్‌లో ఫైళ్ళ పనులు చూసే కేఐఓ లైబ్రరీ అనువాద ఫైళ్ళు ముందు పట్టుకున్నాను. ఫైల్ తెరిచే డైలాగ్, కాపీ అవుతుంటే కనిపించే మెసేజీలు అక్కడివే, అది ఒక్కటి పూర్తయితే కేట్‌లోనూ ఓక్యులర్‌లోనూ ఆ డైలాగ్ తెలుగులో వస్తుంది. ఆ తర్వాత డాల్ఫిన్, సిస్టమ్ సెట్టింగ్స్. కేఎఫ్5 కొమ్మలో, అంటే పాత ఫ్రేమ్‌వర్క్స్ 5 వెర్షన్లో, ఇదివరకే చేసిన వాక్యాల్ని అనువాదాలకి వాడే లోకలైజ్ ప్రోగ్రామ్‌లోని ట్రాన్స్‌లేషన్ మెమరీ ఎదురుగా పెట్టేది కాబట్టి చాలాచోట్ల సరిచూడటమే పని.

ఆ తర్వాత మళ్ళీ ఎవరి క్యాలెండర్ వాళ్ళదే: గేర్ 24.05 మేలో, ప్లాస్మా 6.1 జూన్‌లో. ఇప్పుడు నా షీట్‌లో ఫ్రీజ్ తేదీలు మాత్రమే రాసుకుంటాను, ఆ వారం కొత్త ఫైలు ముట్టుకోకుండా ఫజ్జీలే తీసేస్తాను.