కోకిల పరిశీలన: చైత్రం నుంచి ఆషాఢం వరకు

ఈ వేసవిలో నేను పెట్టుకున్న పని ఒక్కటే: గుంటూరు శివారులోని మా వీధి చెట్లలో కోకిలను కూత సాయం లేకుండా కంటితోనే గుర్తుపట్టడం. చైత్రమంతా కూత వినిపిస్తూనే ఉన్నా పక్షి ఆకుల మాటు వదలదు కనుక, దాని వెంట తిరగడం మాని, ఎండ పొడిచే వేళకు పండ్లతో ఉన్న రావిచెట్టు దగ్గర సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడడం మొదలుపెట్టాను. కోకిలకు పండ్లే ప్రధాన ఆహారం కావడంతో ఈ పద్ధతి ఫలించింది. పశువులకూ మనుషులకూ విషమైన పచ్చగన్నేరు కాయలను కూడా అది తింటుంది.

8×42 బైనాక్యులర్‌లో మగపక్షి ఒంటిమీద నలుపు నీలంగా మెరిసింది. కూసే ముందు గొంతు ఉబ్బింది, తోక కిందికి వాలింది. ఎర్రని కన్ను ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు, ఎందుకంటే అదే కుటుంబానికి చెందిన జెముడుకాకి కన్నూ ఎర్రనే. అయితే దాని రెక్కలు ఇటుక రంగులో ఉంటాయి, పైగా అది తన గూడు తానే కట్టుకొని పిల్లలను సాకుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ముక్కు: కాకికీ, చీలిన తోక గల ఏట్రింతకూ అది నల్లగా ఉంటే, కోకిలకు లేత ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉంటుంది. ఒళ్లంతా తెల్లని చుక్కలున్న గోధుమరంగు ఆడపక్షిని చూసి డేగ అనుకొనేవారు మా వీధిలోనే ఉన్నారు. అది మగదానిలా పాడదు, ‘కిక్ కిక్’ మని గబగబా అరుస్తుంది.

జ్యేష్ఠంలో వేపచెట్టు మీది కాకిగూటిని డాబా పైనుంచే గమనించాను. దగ్గరికి పోతే కాకులు నెత్తిమీద తన్నకుండా వదలవు. కాకిగుడ్డు పొదగడానికి 16, 17 రోజులు పడితే కోకిలగుడ్డుకు 12 నుంచి 14 రోజులే చాలు, కనుక ముందు పుట్టిన పిల్లకు మేతలో పెద్ద వాటా దక్కుతుంది. కాకిపిల్లలను అది గూటి నుంచి తోసేయడం మాత్రం అరుదు.

ఆషాఢంలో గూడు వదిలిన పిల్లల విషయంలో నా ముక్కు గుర్తు పనిచేయదు, ఎందుకంటే వాటి ముక్కు కూడా నల్లనిదే. అందువల్ల నోట్‌బుక్‌లో వాటికి వేరే గడి గీసి, కాకి మేత పెడుతుందా, తోక పొడుగ్గా ఉందా అన్న రెండూ రాసుకుంటున్నాను.