గుడిస దారిలో ఎడమ చక్రం

డాష్‌బోర్డు మీద నాలుగు చక్రాలూ లాగాలని చెప్పే ఫోర్ వీల్ లైటు వెలుగుతూనే ఉంది. వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి. ముందు చక్రాలు మాత్రం తమకేం పట్టనట్టు నిలబడ్డాయి. ఇంకా తెల్లవారలేదు, రాత్రంతా వాన, సూర్యోదయం, మబ్బులు చూడ్డానికి జనం వెళ్లే మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ ఎక్కే మట్టి దారి. వెనక వరసగా బొలెరోలు, ఒకటే హారన్లు.

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాకా చెప్పుకోవడానికి ఏమీ లేదు. బొంగు చికెన్ రేటు పెరిగింది, బొంగులో ముక్కలు తగ్గాయి, అంతే. గుడిసకి రానూపోనూ ఐదువేలని బొలెరో వాళ్లంటే బావకి ఒళ్లు మండింది. "సొంతంగా ఫోర్ వీల్ బండి పెట్టుకుని వీళ్లకి ఇవ్వడమేంటి?" అన్నాడు. ఆ బండి 1999 మోడల్ మారుతి జిప్సీ కింగ్. ఇంట్లో అక్క కంటే దానికే మర్యాద ఎక్కువ.

జిప్సీ సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. ఇప్పటి ఫోర్ వీల్ బళ్లలో లోపల కూర్చునే స్విచ్చో లివరో వేస్తే సరిపోతుంది. దీనికలా కాదు. ముందు చక్రాలు రెండిటికీ నడిమధ్య హబ్బు, దాని మీద ఒక్కో డయల్ ఉంటుంది. లాక్ పడితేనే ఇరుసు షాఫ్టు చక్రాన్ని పట్టుకుంటుంది. అందుకే కిందికి దిగి రెండిటినీ ఫ్రీ నుంచి లాక్‌కి తిప్పాలి. ఆ తర్వాతే లోపల లివర్ వెయ్యాలి. లైటు వెలిగేది లివర్ వేసినందుకే. చక్రం దగ్గర లాక్ పడిందా లేదా అన్నది దానికి తెలియదు. బావ తారు రోడ్డు చివర టార్చి వేసుకుని మరీ రెండు డయళ్లూ తిప్పాడు, నేను పక్కనే ఉన్నాను. అయినా ఇదీ పరిస్థితి.

మా వెనక బొలెరో డ్రైవరు దిగొచ్చాడు. యాభై దాటిన మనిషి, మంకీ క్యాపు, మెడలో తువ్వాలు. "లివర్ 'ఫోర్ లో'కి, అంటే నాలుగు చక్రాల తక్కువ గేరుకి వేసి, ఫస్టు గేరులో క్లచ్ మెల్లిగా వదలండి సార్" అని పక్కన కూర్చుని, ఫోన్ లైటు వేసి కిందికి చూశాడు. "ముందు షాఫ్టు తిరుగుతోంది. ముందుకి బలం పంపే గేర్ల పెట్టె బాగానే ఉంది. తేడా చక్రం దగ్గరే." నలుగురైదుగురు కలిసి బండిని తోసి చదునుగా ఉన్న చోట పెట్టారు. "వీళ్లని పైన దింపి వస్తా, ఏమీ విప్పకండి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాం. ఆ చలిలో బావ తన మెకానిక్‌ని తిట్టడం మొదలుపెట్టాడు. పోయిన నెలలోనే హబ్బులు సర్వీసు చేశానని పద్దెనిమిది వందలు తీసుకున్నాడట.

సూర్యోదయం అయ్యాక వచ్చాడా బొలెరో డ్రైవరు. వెనక చక్రాలకి రాళ్లు పెట్టించి, లివర్ టూ హైలో, అంటే వెనక చక్రాలే లాగే గేరులో ఉంచి, కుడి చక్రం జాకీ మీద లేపి నన్ను తిప్పమన్నాడు. బరువుగా తిరిగింది, లోపల ఇంకేదో కూడా కదులుతున్నట్టు చేతికి తెలుస్తోంది. ఎడమది లేపి తిప్పితే పిల్లల బొంగరంలా తిరిగింది. డయల్ చూస్తే లాక్ మీదే ఉంది.

"ఎడమది పడకపోతే కుడిదైనా లాగాలిగా అన్నా?" అన్నాను. "ట్రాక్టర్ ఎప్పుడూ చూడలేదా సార్?" అన్నాడు. ఎందుకు చూడలేదు! కోనసీమలో మా మావయ్య ట్రాక్టర్ దమ్ములో దిగబడి ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే, డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కేవాడు (రెండు చక్రాలకీ బలం పంచే గేర్లే డిఫరెన్షియల్), అప్పుడు రెండో చక్రానికీ బలం వచ్చేది. జిప్సీ ముందు ఇరుసుకి ఆ పెడల్ లేదు. బలమంతా ఏ అడ్డూ లేని ఎడమ షాఫ్టుకి పోతుంది, అది చక్రాన్ని పట్టుకోకుండా లోపలే తిరుగుతుంది. ఒక్క హబ్బు మొరాయిస్తే ముందు ఇరుసు మొత్తం దండగే.

పది నంబరు స్పానరుతో ఆరు బోల్టులు విప్పి మూత తీశాడు. లోపల గ్రీజు కాదది, ఎర్రమట్టి నీళ్లు కలిసి గట్టిపడిన ముద్ద, మీద తుప్పు పొడి. షాఫ్టుని చక్రానికి కలిపే పళ్ల రింగుని వేలితో నొక్కి చూపించాడు. వదలగానే స్ప్రింగు దాన్ని వెనక్కి తన్నాలి. నొక్కిన చోటే ఉండిపోయింది. డయల్ తిప్పితే రింగు నేరుగా కదలదట, స్ప్రింగు మీద ఒత్తిడి పడుతుంది, చక్రం కాస్త కదిలి పళ్లు ఎదురుపడగానే స్ప్రింగే తోస్తుంది. ఈ ముద్దలో స్ప్రింగు ఏం తోస్తుంది? మూత కింద నీళ్లు దూరకుండా వేసే కాగితం గ్యాస్కెట్ ఒకవైపు చిరిగి ఉంది. నీళ్లు అక్కడి నుంచే వచ్చాయి. పద్దెనిమిది వందల సర్వీసంటే పాత గ్యాస్కెట్ మీదే మూత పెట్టి, బేరింగు గ్రీజు దట్టించడమన్నమాట.

సీసాలోని డీజిలుతో కడిగి, తువ్వాలుతో తుడిచి, వేలికి అంటినంత గ్రీజే రాశాడు. డయల్‌ని ఫ్రీలో పెట్టాకే మూత బిగించాడు, లాక్‌లో ఉంచి బిగిస్తే లోపల సరిగ్గా కూర్చోదట. బోల్టుల దగ్గర బావ బలం చూపించబోతే చేతిలో స్పానరు లాక్కున్నాడు. లాక్‌కి తిప్పి బండిని అడుగు ముందుకి, అడుగు వెనక్కి కదిపితే 'టక్'మని వినిపించింది.

"ఐదొందలు ఇవ్వండి" అని అడిగి తీసుకున్నాడు. వద్దు వద్దంటూ జేబు చూపించే మొహమాటం లేదు. నాకది నచ్చింది.

పైకెక్కేసరికి మబ్బులన్నీ కరిగిపోయాయి. గడ్డి బాగుంది, గడ్డిలో నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లూ బాగానే ఉన్నాయి. మ్యాగీ ఎనభై రూపాయలు. అరగంటలో దిగేశాం.

తారు రోడ్డుకొచ్చాక కుడి డయల్ ఫ్రీకి తిరగనంది. బావ కటింగ్ ప్లయర్ తీశాడు. నేను వద్దని, టూ హైలో పెట్టి పది అడుగులు రివర్స్ చేయించాను, పళ్ల మీద బిగువు వదిలి డయల్ రెండు వేళ్లతోనే తిరిగింది. రాజమండ్రిలో అడిగిన షాపుల్లో ఆ గ్యాస్కెట్ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన సెట్టుగానే ఇస్తాడట, విడిగా అమ్మడట. బావ ఇంకా ఫోన్లో బేరమాడుతూనే ఉన్నాడు.