ఎగ్మోర్ కిర్క్ నీలి పైకప్పు కింద

పినాకినిలో నెల్లూరు నుంచి చెన్నై వెళ్తున్నంతసేపూ మా మేనల్లుడు ఫోన్లో ఒకటే వీడియో తిప్పి తిప్పి చూశాడు. "మామయ్యా, చర్చిల్లో ఉండే నక్షత్రాలు, త్రికోణంలో కన్ను, ఇవన్నీ ఫ్రీమేసన్లు రహస్యంగా పెట్టినవట" అన్నాడు. ఫ్రీమేసన్లంటే సొంత గుర్తులు, ఆచారాలు ఉన్న ఒక పాత సోదర సంఘం వాళ్లు. ఇంటర్ పిల్లాడు. అక్క మెట్టినింటివాళ్లు క్రైస్తవులు, ఆదివారం వస్తే ఆమె చర్చికి వెళ్లాల్సిందే. అమ్మ వెళ్లే చోట ఏముందోనని వీడికి బెంగ. ఆ బెంగ చూసి నాకు నవ్వు రాలేదు. సెంట్రల్లో దిగి పిన్ని ఇంట్లో సంచులు పడేసి, వాణ్ణి నేరుగా ఎగ్మోర్ సెయింట్ ఆండ్రూస్ చర్చికి తీసుకెళ్లాను. అందరూ కిర్క్ అంటారు.

లోపలికి అడుగుపెట్టగానే తల దానంతటదే పైకి లేచింది. గుండ్రటి హాలు, చుట్టూ గాడులు తీసిన 16 స్తంభాలు, వాటి మీద ముదురు నీలం గోపురం, నిండా బంగారు చుక్కలు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. 1821లో తెరిచిన చర్చి ఇది. కట్టించిన ఇంజనీరు డి హావిలాండ్, ఈ మెత్తటి నేలలో బావులు దింపి వాటి మీద పునాది వేశాడు. నన్నడిగితే అసలు వింత ఆ బావులే.

"చూశావా మామయ్యా, మేసన్ల లాడ్జిల్లోనూ పైకప్పు ఇలాగే ఉంటుందట" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

లాడ్జి అంటే మేసన్లు కలుసుకునే మందిరం. నిజమే, చాలా లాడ్జిల్లో ఉంటుంది. కానీ ఎవరు ముందు? లండన్లో మేసన్ల కేంద్ర సంఘం, గ్రాండ్ లాడ్జి, పుట్టింది 1717లో. ఇటలీలో పాడువా పట్టణంలో చిత్రకారుడు జొట్టో ఒక ప్రార్థన మందిరం నీలం కప్పు మీద బంగారు నక్షత్రాలు వేసింది 1305 ప్రాంతంలో. అదే ఇటలీలో రవెన్నా ఊళ్లో గల్లా ప్లాసిడియా సమాధి మందిరం కప్పు అయితే 5వ శతాబ్దానిది. పైకప్పును ఆకాశం చేయడం గుడి కట్టేవాళ్ల పాత అలవాటు. మేసన్లు గుళ్లను చూసి తీసుకున్నారని నా నమ్మకం. కన్ను సంగతీ అంతే. త్రికోణం క్రైస్తవ చిత్రాల్లో త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మకు గుర్తు. అమెరికా రాజముద్ర మీదికి ఆ కన్ను 1782లో ఎక్కింది. మేసన్లలో దానికి ప్రచారం 1797లో థామస్ స్మిత్ వెబ్ అనే అమెరికా మేసన్ పుస్తకం వచ్చాక పెరిగింది.

వాడికి ఇంకో మాట కూడా చెప్పాను, దాచడం నాకిష్టం లేదు. మద్రాసులో మేసన్లు లేరని కాదు. 18వ శతాబ్దంలోనే ఇక్కడ లాడ్జిలున్నాయి, ఈస్టిండియా కంపెనీ అధికారులు చాలామంది సభ్యులు, ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరా కూడా చేరాడు. మనుషులు ఉన్నంత మాత్రాన ప్రతి చుక్కా వాళ్లదైపోదు.

మర్నాడు అడయారు. అన్ని మతాల సారం ఒకటేననే దివ్యజ్ఞాన సమాజం (థియొసాఫికల్ సొసైటీ) అమెరికాలో 1875లో పుట్టి, 1882లో ఇక్కడికి మకాం మార్చింది. మన మదనపల్లె పిల్లాడు జిడ్డు కృష్ణమూర్తిని 1909లో సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్బీటర్ చూసింది ఈ తీరంలోనే. సమాజం ముద్ర దగ్గర చాలాసేపు నిలబడ్డాం. తన తోకను తానే కరుచుకున్న పాము, లోపల ఒకదానిలో ఒకటి దూరిన రెండు త్రికోణాలు, నడుమ పైన వలయం ఉన్న సిలువలాంటి ఈజిప్టు గుర్తు అంఖ్, పైన స్వస్తిక, దాని పైన ఓం. ఒకప్పటి అధ్యక్షురాలు అనీబిసెంట్ నిజంగానే స్త్రీలను కూడా చేర్చుకునే మేసన్ శాఖలో ఉండేది. ఇక్కడ ఎవరూ ఏదీ దాచలేదు. రకరకాల మతాల గుర్తులు తెచ్చి, పేరు పెట్టి, అందరికీ కనపడేలా తగిలించారు.

వాడు ఆ నక్షత్రాన్నే చూస్తున్నాడు. "మామయ్యా, ఇది పొద్దున చిన్నమ్మమ్మ వాకిట్లో వేసింది కదా?"

వేసింది. చుక్కలు పెట్టి, రెండు త్రికోణాలు కలిపి, మధ్యలో పసుపు కుంకుమ వేసింది. కృత్తిక నాడు వడపళని మురుగన్ కోసం వేస్తుంది, షట్కోణం అంటుంది. వాడు ఫోన్ జేబులో పెట్టి, సాయంత్రం ఇంటికెళ్లాక ఆమె పక్కన కూర్చుని చుక్కలు ఎన్ని పెట్టాలో అడిగి రాసుకున్నాడు, అమ్మకి చూపించాలట.