ముద్రణలో వెలవెలబోయిన రాజహంసలు

పులికాట్ సరస్సులో మిత్రుడు తీసిన రాజహంసల ఫొటోను నెల్లూరులోని మా ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ముద్రిస్తే, తెరపై గులాబీ రంగులో మెరిసిన రెక్కలు కాగితం మీద బూడిద పూసినట్లు వెలవెలబోయాయి. ప్రింటర్‌ను తిట్టుకున్నాను గాని, సగం తప్పు నాదే.

వాట్సాప్‌లో వచ్చిన ఆ ఫొటో కుదించుకుపోయి ఉంది. 4×6 అంగుళాల కాగితంపై అంగుళానికి 300 పిక్సెళ్ల స్పష్టత రావాలంటే 1200×1800 పిక్సెళ్లు కావాలి కనుక, అసలు ఫొటోను కుదించుకుపోకుండా డాక్యుమెంట్‌గా మళ్లీ పంపించుకున్నాను. తరువాత, సిరా చిమ్మే సన్నని రంధ్రాలు మూసుకుపోయాయేమో చూపే నాజిల్ చెక్ పేజీ తీసి చూస్తే, మిగిలిన రంగుల గీతలు నిండుగా ఉన్నాయి, మెజెంటా (ముదురు గులాబీ) గీతలు మాత్రం పాత చాప అంచులా అక్కడక్కడా తెగిపోయి ఉన్నాయి. ఆ రంధ్రాలను శుభ్రం చేసే హెడ్ క్లీనింగ్ రెండుసార్లు చేశాక అవి కలిశాయి; అయితే ఆ పని సిరాను బాగా తాగేస్తుంది కనుక ఊరికే చేయకూడదు. అప్పుడప్పుడూ ఒక రంగుల పేజీ తీస్తూ ఉంటే సిరా ఎండిపోయే బెడద తగ్గుతుంది, మా ఊరి ఎండల్లో మరీను.

గ్లాసీ కాగితం పెట్టి కూడా సెట్టింగుల్లో ‘ప్లెయిన్ పేపర్’ అనే వదిలేయడం నా అసలు పొరపాటు. ‘ఫొటో పేపర్’, ‘హై క్వాలిటీ’ ఎంచుకున్నాక ముద్రణ నెమ్మదించింది గాని, ఈకల అంచులు విడివిడిగా తేలాయి. ఆరనివ్వాలని బల్ల మీద పెడితే, మా అమ్మ ముచ్చటపడి వేలితో తాకింది. ఒక హంస మెడ మీద ఆ ముద్ర ఇప్పటికీ ఉంది.