ఇసుక చల్లినట్టున్న సీటీ

మొన్న సీటీ స్కాన్ రూంల నైట్ డ్యూటీల ఒక అంకుల్ కొడుకుని తీస్కొచ్చిండు, పిల్లగానికి 22 ఏండ్లు, బక్కగ ఉన్నడు, నడుం పట్టుకుని మెలికలు తిరుగుతుండు. కిడ్నీల రాయి అని డౌటు, ప్లెయిన్ సీటీ కేయూబీ (మందు ఎక్కియ్యకుండ కిడ్నీల నుంచి బ్లాడర్ దాక తీసే స్కాన్) రాసిన్రు. హైదరాబాద్ల ఎండలు మొదలైనయంటే మాకు ఇవే కేసులు, పొద్దంతా బైక్ మీద తిరుగుతరు, నీళ్లు తాగరు. పాత ఫైల్ తీసి చూస్తే ఈ ఏడాదిల ఇది మూడో సీటీ. అంకుల్ ఏమో "తమ్మీ, మంచిగ క్లియర్ గ తియ్యి, పైసలు కట్టినం" అంటుండు.

గీ క్లియర్ తోనే మాకు లొల్లి. డోస్ (అంటే ఎక్స్-రే) పెంచితే నాయిస్ (బొమ్మ మీద గరుకు) తగ్గుతది నిజమే, కానీ నాయిస్ సగం కావాలంటే డోస్ నాలుగింతలు పెట్టాలె, అదే డోస్ సగం చేస్తే నాయిస్ పెరిగేది 40 శాతం చిల్లరే. ఇంక రాయి సంగతంటరా, దాని హౌన్స్‌ఫీల్డ్ నంబర్ (సీటీల ఎంత తెల్లగ కనిపిస్తదో చెప్పే లెక్క) వందలల్ల ఉంటది, చుట్టూ కండ 50 దగ్గర ఉంటది, ఇమేజ్ మీద ఇసుక చల్లినట్టున్నా రాయి తెల్లగ మెరుస్తనే ఉంటది. అట్లని అన్నిటికీ తగ్గించుడు కూడా తప్పే, లివర్ల చిన్న గడ్డకి పక్కదానికి తేడా 10-20 నంబర్లే, అక్కడ పిసినారితనం చేస్తే గడ్డ నాయిస్ల మునిగిపోతది, మళ్ల తియ్యాల్సొస్తది, అప్పుడు మిగిలిందేంది?

సరే, పిల్లగాడు బక్కోడే కదా అని కేవీ (ఎక్స్-రే ఓల్టేజీ) 120 నుంచి 100కి దించిన, నాయిస్ ఇండెక్స్ (ఎంత గరుకైనా పర్లేదని మిషన్ కి చెప్పే నంబర్) పెంచిన, కిడ్నీల పైనుంచి బ్లాడర్ కింది దాకే రేంజ్ పెట్టిన. చేతులు తల పైకి పెట్టించిన. టేబుల్ ఎత్తు రెండు సార్లు సరిచేసిన, దీన్ని మావోళ్లు చాలామంది పట్టించుకోరు గానీ టోపోగ్రామ్ (స్కాన్ కి ముందు తీసే బొమ్మ) ల ఎక్స్-రే ట్యూబ్ పైనున్నప్పుడు మనిషి దానికి దగ్గరైతే బొమ్మ పెద్దగ పడుతది, మిషన్ లావు మనిషి అనుకుని ఎంఏ (ఎక్స్-రే ట్యూబ్ కరెంటు) పెంచేస్తది, డోస్ పెరుగుతది. డీఎల్‌పీ (మొత్తం స్కాన్ డోస్ లెక్క) 190 వచ్చింది, పొట్టకి వాడే 0.015తో గుణిస్తే దాదాపు 3 మిల్లీసీవర్ట్ (ఒంటికి పడే రేడియేషన్ కొలత). మామూలు పొట్ట సీటీ 8-10 దాకా పోతది, ఊరికే భూమ్మీద బతికితేనే ఏడాదికి సగటున 2.4 పడుతది లెండి.

రిపోర్ట్ రాసే మేడం ఫోన్ చేసి "ఏందీ గరుకు?" అన్నది. సన్నటి 1 ఎంఎం స్లైసులు వద్దు మేడం, మందం 3 ఎంఎంవి తెరవండి, గరుకు తక్కువుంటది అన్న. రెండు నిమిషాలకి యురేటర్ (కిడ్నీ నుంచి బ్లాడర్ కి పోయే నాళం) చివర్ల, బ్లాడర్ పక్కనే రాయి దొరికింది.

అంకుల్ ఫిల్మ్ ని ట్యూబ్ లైట్ కి పట్టి చాలాసేపు చూసి "ఇంత మసకగ ఉన్నది, బిల్లుల ఏమన్న తగ్గిస్తరా తమ్మీ?"